మెడోస్ టైలరు అపరాధ నవల

చార్మినారు నగరమును ఆంగ్లాపరాధకథకు రంగముగాఁ జేసినవాఁడు ఫిలిప్ మెడోస్ టైలరు. ఇతఁడు 1808లో లివర్పూలునఁ బుట్టి, 1824లో నిజాము సైన్యమునఁ జేరెను. 1839లో వెలువడిన ‘ఠగ్గుని వాఙ్మూలము’ ఇతని మొదటి నవల. అమీర్ అలీ యను ఠగ్గు తన హత్యలను తానే చెప్పుట యిందలి విశేషము. అపరాధి యెవ్వఁడో మొదటనే తెలియును గావున, రహస్యభేదనము గాక మనుష్యుని మనస్సే యిందు విచార్యము. టైలరు స్వయముగా వినిన అప్రూవరుల వాఙ్మూలములు దీనికాధారములు. శిక్షనుండి తప్పించుకొనఁ జెప్పిన మాటలగుటచే వానిని యథాతథముగాఁ జరిత్రయని కైకొనరాదు. తరువాత నితఁడు ‘తార’ (1863), ‘సీత’ (1872) మున్నగు చారిత్రక నవలలు వ్రాసి 1876లో దివంగతుఁడయ్యెను. ఠగ్గులను గూర్చి లోకమునఁ గల భావమునందు చరిత్ర పాలెంతయో, ఈ నవల పాలెంతయో పండితులు విచారింతురు గాక.