కందకం గట్టున దొరికిన మనశ్శాంతి

యుద్ధం ఎక్కడ జరిగినా దాని సెగ మన గడపల దాకా వస్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించినప్పుడు కడప జిల్లాలోనూ, హైదరాబాద్ పాతబస్తీలోనూ ఎన్నో కుటుంబాలకు నిద్ర కరవైంది. లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశానికి చేరేదాకా, కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లులకు జానిమాజే దిక్కయింది. 2023 అక్టోబరు తర్వాత గాజాలో కూలిన మస్జిదుల పక్కన, శిథిలాల మధ్య సఫ్‌లు కట్టి నమాజు చేసినవారిని ప్రపంచమంతా చూసింది.

ఇలాంటి వేళ మన మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. నిజమైన విశ్వాసికి భయం ఉండకూడదా? గుండె దడదడలాడితే ఈమాన్ బలహీనపడినట్లేనా? అల్లాహ్‌పై నమ్మకం ఉన్నవారికి మనశ్శాంతి ఏ రూపంలో లభిస్తుంది? వీటికి జవాబు కావాలంటే హిజ్రీ 5వ సంవత్సరం, అంటే క్రీ.శ. 627 నాటి మదీనాకు వెళ్లాలి. చరిత్రలో అది కందక యుద్ధంగా ప్రసిద్ధి చెందింది.

ఆకలి, చలి, ముట్టడి

మక్కా ఖురైషీయులు, గతఫాన్ తదితర తెగలు ఏకమై సుమారు పదివేల సైన్యంతో మదీనాపైకి బయలుదేరాయి. ముస్లిముల సంఖ్య మూడు వేలు. దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులతో సంప్రదించారు. పర్షియా నుంచి వచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తమ దేశపు పద్ధతి ఒకటి చెప్పారు. కందకం తవ్వడం! అరబ్బులకు అది కొత్త. మదీనాకు తూర్పు పడమరల్లో గుర్రాలు నడవలేని నల్లరాతి నేలలు, మరోవైపు ఖర్జూర తోటలు, ఇళ్లు ఉన్నాయి. తెరిపిగా ఉన్నది ఉత్తర దిక్కు మాత్రమే. అక్కడ పదేసి మందికి నలభై మూరల చొప్పున పని పంచారు.

ప్రవక్త (స) పర్యవేక్షిస్తూ నిలబడిపోలేదు. స్వయంగా మట్టి మోశారు. ఆయన పొట్ట మీది చర్మం కనబడనంతగా దుమ్ము కప్పేసింది. ఆకలికి తాళలేక సహచరులు కడుపుకు రాళ్లు కట్టుకున్నారు. ఆయన కడుపుకూ రాయి ఉంది. అది చూసి మనసు కరిగిన హజ్రత్ జాబిర్ (రజి) ఇంటికి పరుగున వెళ్లి, ఉన్న ఒక్క మేకపిల్లను కోసి, కొద్దిపాటి యవల పిండితో రొట్టెలు చేయించి, ప్రవక్తను రహస్యంగా భోజనానికి పిలిచారు. ఆయన ఒక్కరే రాలేదు. కందకం దగ్గరున్న వారందరినీ వెంటబెట్టుకుని వచ్చారు! అల్లాహ్ శుభం ప్రసాదించగా వెయ్యిమంది కడుపునిండా తిన్నారనీ, కుండ ఇంకా ఉడుకుతూనే ఉందనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆపద వేళ తనకు మాత్రమే అందిన ముద్దను ఆయన ఒంటరిగా తినలేదన్నది ఇక్కడ మనం గమనించాలి.

ఖుర్ఆన్ భయాన్ని దాచలేదు

శత్రువులు వచ్చి విడిది చేశారు. ముట్టడి వారాల తరబడి సాగింది. అంతలో, ఊరి పక్కనే ఉన్న బనూ ఖురైజా తెగ ఒప్పందం తప్పిందన్న కబురు వచ్చింది. స్త్రీలు, పిల్లలు కోట ఇళ్లలో తలదాచుకుని ఉన్నారు. ఆ రోజుల స్థితిని దివ్య ఖుర్ఆన్ 33వ సూరా అహ్‌జాబ్ ఉన్నదున్నట్టుగా వివరించింది. కళ్లు బెదిరిపోయాయనీ, ప్రాణాలు గొంతులోకి వచ్చాయనీ, విశ్వాసులు తీవ్రంగా కంపించిపోయారనీ 10, 11 ఆయతులు తెలుపుతున్నాయి. అదే సూరా 22వ ఆయతుకు వచ్చేసరికి, శత్రుసేనలను చూసిన విశ్వాసుల నమ్మకం, విధేయత మరింత పెరిగాయని ఉంది. భయం, విశ్వాసం ఒకే గుండెలో ఉండగలవన్నమాట! భయపడటం పాపం కాదు. ఆ భయంతో అల్లాహ్‌కు దూరం కావడమే నష్టం.

దీనికి హజ్రత్ హుజైఫా (రజి) స్వయంగా చెప్పిన సంఘటనే సాక్ష్యం. ఈదురుగాలితో చలి కోసేస్తున్న రాత్రి. శత్రువుల కబురు తెచ్చేదెవరని ప్రవక్త (స) అడిగారు. అలా తెచ్చినవారు ప్రళయదినాన తన వెంట ఉంటారని శుభవార్త కూడా చెప్పారు. ఎవరూ లేవలేదు. మూడుసార్లు అడిగినా మౌనమే! వారంతా ప్రాణాలకు తెగించి ఇస్లాంను నిలబెట్టిన మహనీయులు. అయినా ఆ రాత్రి ఒళ్లు కదలలేదు. ప్రవక్త (స) వారిని నిందించలేదు. హుజైఫాను పేరు పెట్టి పిలిచి పంపారు. వెళ్లి వచ్చేదాకా తనకు హమామ్‌లో నడుస్తున్నట్టు వెచ్చగా ఉందని ఆయన చెప్పారు. తిరిగొచ్చాక మళ్లీ చలి పట్టుకుంటే, తాను నమాజు చేసే కంబళినే ప్రవక్త (స) ఆయనకు కప్పారు. హుజైఫా తెల్లవారేదాకా హాయిగా నిద్రపోయారు. కూర్చున్నప్పుడు దొరకని ధైర్యం, బాధ్యత తలకెత్తుకుని అడుగు వేశాక దొరికింది.

ఆశ అంటే ఏమిటి?

తవ్వుతుండగా ఒకచోట పెద్ద బండ అడ్డుపడింది. ప్రవక్త (స) మూడు దెబ్బలతో దాన్ని పగలగొడుతూ షామ్, పర్షియా, యెమెన్‌ల శుభవార్త వినిపించారు. ప్రాణభయంతో ఊరి గడప దాటలేని మాకు చక్రవర్తుల ఖజానాలా అని కపట విశ్వాసులు ఎగతాళి చేశారు. విశ్వాసులు మాత్రం గునపం దింపలేదు. సుమారు పదేళ్లకు పర్షియా రాజధాని మదాయిన్ ముస్లిముల వశమైంది. కందకం ఆలోచన చెప్పిన సల్మాన్ (రజి) ఆ నగరానికే పాలకులయ్యారు. చుట్టూ కమ్ముకున్న చీకటిని కాదనకుండానే, అల్లాహ్ మాట మీద భరోసాతో చేతిలో పని కొనసాగించడమే ఆశ. చివరకు పెనుగాలి శత్రువుల గుడారాలను పెకలించింది. వారు వెనుదిరిగారు. ఆ గాలి ఎవరి చేతిలోనూ లేదు. కందకం మాత్రం చేతులతో తవ్వినదే.

మనం చేయవలసింది

బనూ ఖురైజా గురించి పుకారు వచ్చినప్పుడు ప్రవక్త (స) ఇద్దరు సాద్‌లను, అంటే సాద్ బిన్ ముఆజ్, సాద్ బిన్ ఉబాదా (రజి)లను విచారణకు పంపారు. వార్త నిజమైతే ప్రజల గుండె చెదరకుండా సైగతో తనకు తెలపమన్నారు. అబద్ధమైతే బాహాటంగా ప్రకటించమన్నారు. సెల్‌ఫోన్‌కు వచ్చిన ప్రతి దృశ్యాన్నీ నిజానిజాలు చూడకుండా పదిమందికి పంపే మనకు ఇది గొప్ప పాఠం. భయాన్ని పంచడం సేవ కాదు.

ఒకరోజు పోరు తీవ్రతలో అసర్ నమాజు వేళ దాటిపోయింది. ప్రవక్త (స) ఎంతో బాధపడ్డారు. సూర్యాస్తమయం తర్వాత వజూ చేసి ముందు అసర్, ఆపైన మగ్రిబ్ నెరవేర్చారు. ఎంతటి కల్లోలంలోనైనా నమాజే మనసుకు లంగరు. మనశ్శాంతి అంగట్లో దొరికే వస్తువు కాదు. విశ్వాసుల హృదయాలపై అల్లాహ్ దింపే 'సకీనా' అని 48వ సూరా ఫతహ్ తెలుపుతోంది.

ఒక్కమాట మరవరాదు. శత్రువుతో తలపడాలని కోరుకోవద్దనీ, అల్లాహ్‌ను క్షేమమే అడగాలనీ, తప్పనప్పుడు సహనం వహించాలనీ ప్రవక్త (స) బోధించారు. యుద్ధాన్ని వేడుకలా చూడటం ముస్లిం లక్షణం కాదు. ఆపదల్లో చేసే ఖునూతె నాజిలా దుఆను మన మస్జిదుల్లో పాటిద్దాం. గల్ఫ్‌లో బిడ్డలున్న పొరుగింటి తల్లిని పలకరిద్దాం. మతం ఏదైనా యుద్ధబాధితుడికి చేతనైన సాయం చేద్దాం.

భయం కమ్మిన ప్రతి ఇంటిపైనా అల్లాహ్ తన సకీనా కురిపించుగాక! చేతనైనది చేస్తూ ఆయనపై ఆశ వదలని వారిలో మనల్ని చేర్చుగాక! ఆమీన్.