హ్రస్వదృష్టి: రైతు కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

పైరు పచ్చబారినప్పుడు మనము మొదట ఆకును త్రిప్పి చూచి, వేరును పరిశీలించి, కారణము తెలిసిన పిమ్మటనే మందు సంగతి ఆలోచింతుము. బడికి పోవు పిల్లవాడు పాఠములలో వెనుకబడినప్పుడు మాత్రము కారణము వెదకక, "వీనికి చదువబ్బలేదు" అని తీర్పు చెప్పివేయుదుము. నల్లబల్లమీది అక్షరములే కానరానివానికి చదువెట్లబ్బును? మందమతులని పేరుపడి బడి మానిన పిల్లలలో కొందరి లోపము బుద్ధియందు గాక కంటియందే యుండును. ఆ లోపములలో ముఖ్యమైనది హ్రస్వదృష్టి. దీనిని గుర్తించుట కష్టము గాదు; సరిచేయుటకు అద్దములు చాలును. కావున సంఘ సభ్యులెల్లరు దీని స్వభావమును తెలిసికొనుట యవసరము.

హ్రస్వదృష్టి యననేమి?

దగ్గరి వస్తువులు స్పష్టముగను, దూరపు వస్తువులు మసకగను కనబడుటయే హ్రస్వదృష్టి. కంటిలో ప్రవేశించిన వెలుతురు ముందరి పారదర్శకపు పొరచేతను, లోపలి కటకముచేతను వంగి, వెనుక గోడయైన దృష్టిపటలముపై ఒకచో కూడవలెను. పెద్దవారి కనుగ్రుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లుండును. అది మితిమీరి పొడవు పెరిగినచో వెలుతురు పటలమును చేరకముందే కూడిపోవును. కాలువ నీరు వెనుకటి హద్దువరకే పారి, మడి మాత్రము ఆవలికి జరిగిన యెడల చివరి పైరు తడవదు గదా! ఇదియు నట్టిదే. కన్ను ఒక్క మిల్లీమీటరు అదనముగ పెరిగిన మాత్రముననే చూపులో రెండున్నర మొదలు మూడు డయాప్టర్ల భేదము వచ్చును.

డయాప్టరనగా అద్దపు బలమును తెలుపు కొలత. మైనసు 1 గలవానికి ఒక మీటరు దాటిన వస్తువు మసకబారును. మైనసు 2 గలవానికి అర మీటరు దాటినను, మైనసు 4 గలవానికి పావు మీటరు, అనగా జానెడు పైచిలుకు, దాటినను మసకయే. ఇట్టివాడు పుస్తకము చక్కగ చదువును; గట్టుమీద నిలిచిన మనిషిని మాత్రము పోల్చలేడు. అందుచేతనే ఇంటివారికి అనుమానము కలుగదు.

దీనిని ఇతర లోపములతో కలిపివేయరాదు. నలువది యేండ్లు దాటిన వారికి దగ్గరి అక్షరములు కానరాకపోవుట చత్వారము. చీకటి పడగానే చూపు తగ్గుట రేచీకటి. ఏ విటమిను లోపము దీనికొక ముఖ్య కారణము. ఆకుకూరలు, బొప్పాయి, గ్రుడ్లు రేచీకటి రాకుండ తోడ్పడును గాని, పొడవు పెరిగిన కంటిని కురుచ చేయజాలవు.

మన ప్రాంతపు పల్లెలలో

ఇది పట్టణవాసుల జబ్బని కొందరి తలంపు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో 7 మొదలు 15 ఏండ్ల పిల్లల కండ్లను పరీక్షించి, 2002లో ప్రకటించిన ఫలితములు చూడుడు. నూటికి సుమారు నలుగురు పిల్లలకు హ్రస్వదృష్టి యున్నది. చూపు తగ్గిన కండ్లలో నూటికి 61 కండ్లకు కారణము అద్దములతో సరికాదగిన దోషమే. అనగా, ఆ పిల్లలలో చాలమందికి కావలసినది శస్త్రచికిత్స గాదు, ఒక జత అద్దములు.

గుర్తులు

పిల్లవాడు కండ్లు చికిలించి చూచుట, పుస్తకమును ముఖమునకు ఆనించుకొనుట, టెలివిజను దగ్గరకు జరుగుట, నల్లబల్లమీది లెక్కను ప్రక్కవాని పలకలో చూచి వ్రాయుట, తరచు తలనొప్పి యనుట. ఒక కంటిని అరచేత మూసి రెండవదానితో, తరువాత మార్చి, గోడమీది పంచాంగపు అంకెలను దూరమునుండి చదివించి చూడుడు. పెద్దవారిలోను ఈ లోపము హానికరమే. బస్సు బోర్డు, మార్కెట్టులోని ధరల పలక చదువలేనివాడు పరుల మాటపై ఆధారపడును. రాత్రివేళ ట్రాక్టరు నడుపుట తనకును పరులకును అపాయకరము.

అద్దములను గూర్చిన అపోహలు

పుటాకారపు అద్దము వెలుతురును కొంచెము విప్పి, అది కూడుచోటును వెనుకకు, పటలముపైకి, జరుపును. ఇది ఎట్లు పనిచేయునో కెప్లరు అను శాస్త్రజ్ఞుడు 1604లోనే వివరించెను. అద్దములు పెట్టుకొన్నచో నంబరు పెరుగునను మాట నిజము గాదు. పిల్లల ఎదుగుదలతో కన్నును పెరుగును గనుక నంబరు మారును. కావలసినదానికంటె తక్కువ నంబరిచ్చినచో మేలగునేమో యని మలేషియాలో పరీక్షించి చూడగా, అట్టి పిల్లలకే దోషము మరింత వేగముగ పెరిగినట్లు 2002లో తేలెను.

ఆడపిల్లకు అద్దములు పెట్టించిన సంబంధములు రావని భయపడి దాచు తలిదండ్రులు కలరు. కనబడని లోకములో ఆ బిడ్డను నడిపించుట కంటె అన్యాయము మరి లేదు. ఆకు పసరులు, ఉల్లిరసము, చనుబాలు కంటిలో పోయుట మానవలెను. వానివలన పుండు పడి కన్నే పోవచ్చును.

పిల్లల పరీక్షయందు వైద్యుడు చుక్కలు వేయుట కలదు. దానివలన కంటిపాప విప్పారి కొన్ని గంటలు మసకగ నుండును, బెదరవలదు. అట్లు చేయనిచో అసలు నంబరు సరిగ తేలకపోవచ్చును. పగులని ప్లాస్టికు అద్దములు పిల్లలకు క్షేమము. ఏటేట పరీక్ష చేయింపవలెను.

రాకుండ చేయుట యెట్లు?

తలిదండ్రులకున్నచో పిల్లలకు వచ్చు అవకాశము హెచ్చు. ఎడతెగక దగ్గరి చూపుతో పనిచేయుటయు, ఆరుబయట తిరుగకుండుటయు దీనికి తోడగును. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని పాఠశాలలలో చిన్నపిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగ వెలుపల నుంచిరి. మూడేండ్లలో క్రొత్తగ హ్రస్వదృష్టి కలిగినవారు ఆ పాఠశాలలలో నూటికి 30 మంది, ఇతర పాఠశాలలలో నూటికి 39 మందికి పైబడియు నుండిరని 2015లో ప్రకటించిరి. తైవాన్ దేశము 2010 నుండి పిల్లలు దినమునకు 120 నిమిషములు వెలుపల గడపవలెనని నియమించెను. మన పల్లెలలో ఈ మందునకు వెల లేదు. గదిలో ఫోను చేతికిచ్చి కూర్చుండబెట్టుటకు మారుగ ఉదయము, సాయంకాలము పిల్లలను ఆడనిండు. నంబరు వేగముగ పెరుగువారికి తక్కువ పాళ్ల అట్రోపిను చుక్కలు కలవు. అవి వైద్యుని పర్యవేక్షణలోనే వాడదగును.

వెంటనే వైద్యుని చూడవలసిన సందర్భములు

1. కంటిలో మెరుపులు, నల్లని చుక్కలు హఠాత్తుగ కనబడుట, తెర వ్రేలాడినట్లుండుట. దృష్టిపటలము ఊడుటకు ఇది గుర్తు. ఎక్కువ నంబరు గలవారికి ఈ అపాయము హెచ్చు. ఒక్క దినమును జాగు చేయరాదు.

2. వృద్ధులు అకస్మాత్తుగ అద్దములు లేకయే చదువగలుగుట. ఇది చూపు తిరిగివచ్చుట గాదు, శుక్లము ముదురుచున్న సూచన కావచ్చును.

3. మధుమేహము గలవారి చూపు దినదినము మారుట. రక్తములో చక్కెర అదుపునకు వచ్చిన పిమ్మటనే నంబరు తీసికొనవలెను.

సంఘములు చేయదగిన పని

రాష్ట్ర ప్రభుత్వము 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో ప్రారంభించిన కంటి వెలుగు, 2023 జనవరి 18న ఖమ్మములో ఆరంభించిన దాని రెండవ విడత, ఊరూరను పరీక్షించి ఉచితముగ అద్దములిచ్చినవి. ఆ విడతలు ముగిసినవి. అప్పటినుండి పిల్లల కండ్లు పెరుగుచునే యున్నవి. అప్పుడు తీసికొన్న నంబరు నేటికి చాలదు. వరంగల్లులో ప్రాంతీయ ప్రభుత్వ నేత్ర వైద్యశాల కలదు.

ప్రతి సంఘ గోదాములోను ఆరు మీటర్ల నేల దొరకును. ఒక గోడకు అక్షర పట్టికను వ్రేలాడదీసి, బడి ఉపాధ్యాయుని సాయమున ఏటా జూను మాసమున సభ్యుల పిల్లలనందరిని నిలువబెట్టి చదివింపవలెను. చదువలేనివారి పేర్లు వ్రాసి, అందరిని ఒకే దినమున వైద్యశాలకు కొనిపోయినచో ఖర్చును, కూలి నష్టమును తగ్గును. విత్తనములు మంచివా చెడ్డవా యని మొలక కట్టి చూచు రైతు, తన బిడ్డ కన్నును పరీక్షింపక విడుచుట తగదు.