నెలలు పన్నెండు... రీచార్జీలు పదమూడు!

(నరసరావుపేట గ్రామీణ విలేఖరి)

"రేడియోకు ఏడాదికోసారి పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టి వచ్చేవాళ్ళం. మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసే ఉండేది కాదు. ఇప్పుడేందయ్యా, పొద్దున లేస్తే ఎవరిదో ఒకరి ఫోనులో డబ్బులయిపోయాయంటారు!"

పల్నాడు జిల్లాలో ఒక పల్లె. రామాలయం అరుగు మీద కూర్చున్న 75 ఏళ్ళ పెద్దాయన మాట ఇది. ఆయన ఇంట్లో నలుగురు మనుషులు, నాలుగు ఫోనులు. ఒక టీవీ, దానికి కేబులు. కరోనా రోజుల్లో మనవడి ఆన్‌లైన్ పాఠాల కోసం వేయించిన నెట్టు తీగ ఒకటి. కొడుకు కౌలు రైతు, మిరప వేశాడు. కోడలు డ్వాక్రా సంఘంలో లీడరు. మనవడు నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్నాడు.

"వీటన్నిటికీ కలిపి ఏడాదికి ఎంత కడుతున్నారు?" అని ఈ విలేఖరి అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఎరువు బస్తాల లెక్క, కూలీల లెక్క, పురుగుమందు కొట్టు బాకీ లెక్క పైసలతో సహా చెప్పగల రైతు కూడా తల గోక్కున్నాడు. ఎప్పటికప్పుడు మూడు వందలో నాలుగు వందలో పోతుంటాయి గనుక పోతున్నట్టే తెలియదు. చివరికి మనవడు పాత క్యాలెండరు కాగితం చించి, దాని వెనక లెక్క వేశాడు. తేలిన మొత్తం చూసి ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకున్నారు.

లెక్క ఇదీ...

నలుగురి ఫోనులకూ ఒకే ప్యాకు: 299 రూపాయలు, 28 రోజులు. దుకాణంలో కుర్రాడు ఏది వేస్తే అదే. ఏడాదికి 13 సార్లు వేయిస్తే ఒక్కో ఫోనుకు 3,887 రూపాయలు. నాలుగింటికీ 15,548.

కేబులుకు నెలకు 300 చొప్పున 3,600.

నెట్టు తీగకు నెలకు 399 అంటారు గానీ, దాని మీద 18 శాతం పన్ను పడి 470 రూపాయల 82 పైసలు అవుతుంది. ఏడాదికి 5,650.

వెరసి 24,798 రూపాయలు. పాతిక వేలకు రెండు వందలు తక్కువ!

"ఇంత కడుతున్నామా? ఈ డబ్బుతో మిరప తోటకు మందులు వచ్చేవి గదా" అని రైతు వాపోయాడు.

28 రోజుల నెల

ఈ ఖర్చు తడిసి మోపెడు కావడానికి మొదటి కారణం నెల కొలత. మన నెలకు 30 రోజులు. ఫోను ప్యాకు నెలకు 28. రెండు రోజులే గదా అనుకుంటాం. ఆ రెండేసి రోజులూ పోగయి ఏడాదికి పదమూడో రీచార్జి మీద పడుతుంది. ఈ ఇంట్లో ఆ ఒక్క పదమూడో రీచార్జి ఖర్చే నాలుగు ఫోనులకూ కలిపి 1,196 రూపాయలు.

ఇది చూసే కేంద్రంలోని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాకు ఒకటైనా, ప్రతి నెలా అదే తేదీకి వేయించుకునే ప్యాకు ఒకటైనా ఉంచాలన్నది. ఆ ప్యాకులు ఉన్న సంగతే పల్లెల్లో చాలామందికి తెలియదు. అడగనిదే చెప్పేవారు లేరు.

పైగా 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచాయి. జియోలో అంతకు ముందు 239 ఉన్న ప్యాకు 299 అయింది. అరవయ్యే గదా అనిపిస్తుంది. నాలుగు ఫోనులకు, పదమూడు సార్లకు అది 3,120 రూపాయలు. అందుకే రీచార్జీని రోజులతో లెక్క వేయకూడదు. ఉగాది నుంచి ఉగాదికి లెక్క వేసుకోవాలి. అప్పుడే అసలు బరువు తెలుస్తుంది.

ఎవరికి ఏది కావాలి?

పెద్దాయన చేతిలో ఉన్నది మీటలు నొక్కే చిన్న ఫోను. అందులో బొమ్మలు రావు, నెట్టు రాదు. అయినా రోజుకు ఒకటిన్నర జీబీ నెట్టుకు డబ్బు కడుతున్నారు. వాడని నెట్టు ఏ రోజుకు ఆ రోజు ఆవిరి!

ఇలాంటి వారి కోసమే ట్రాయ్ 2024 డిసెంబరులో మరో నిబంధన తెచ్చింది. నెట్టు లేకుండా కేవలం మాటలకు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే ప్యాకులు కంపెనీలు అమ్మి తీరాలి. వాటి గడువు ఏడాది దాకా ఉండవచ్చు. దాంతో 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 469 రూపాయలకు 84 రోజులు, 1,849 రూపాయలకు 365 రోజుల ప్యాకులు తెచ్చింది. జియో 448కి 84 రోజులు, 1,748కి 336 రోజుల ప్యాకులు పెట్టింది. ఇవి ఆ నెలలో ప్రకటించిన ధరలు. వేయించే ముందు ఆనాటి ధర ఎంతో అడిగి చూసుకోవాలి.

రోజు లెక్కన చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. 299 ప్యాకు రోజుకు పది రూపాయల డెబ్బై పైసల దాకా పడుతుంది. 1,849 ప్యాకు అయిదు రూపాయల చిల్లర. సగానికి సగం తేడా. ఒక్కసారిగా 1,849 తీయడం కూలి చేసుకునే ఇంటికి కష్టమే. అటువంటివారు 84 రోజుల ప్యాకు వేయించుకోవచ్చు. రైతయితే మిరపకాయ అమ్మి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడే ఏడాదికి సరిపడా వేయించుకుంటే మేలు.

ఒక్క జాగ్రత్త. ఈ ప్యాకు వేసిన ఫోనులో వాట్సాప్ రాదు. సంతలో బొమ్మకు ఫోను చూపి డబ్బు కట్టడం కుదరదు. బ్యాంకు సందేశాలు, ఓటీపీలు మాత్రం మామూలుగా వస్తాయి. ఇంట్లో ఆ పనులు ఎవరు చేస్తున్నారో చూసుకొని మరీ మార్చుకోవాలి.

ఈ ఇంట్లో డబ్బు చెల్లింపులు, సంఘం వాట్సాప్, గుంటూరు యార్డు మిరప ధరలు అన్నీ కోడలి ఫోనుకే వస్తాయి. అందుకని ఆమె ఫోనుకు, చదువుకునే మనవడి ఫోనుకు నెట్టు ఉంచారు. పెద్దాయనకు, రైతుకు మాటల ప్యాకు వేశారు. "మరి క్రికెట్టో?" అని రైతు కాస్త గొణిగాడు. "నా ఫోనులో చూద్దురుగాని" అన్నది ఇల్లాలు. అక్కడికి ఆ పంచాయితీ తీరింది.

బావి ఉండగా బిందె నీళ్ళు కొన్నట్టు

ఇక నెట్టు తీగ. పిల్లవాడు కాలేజీకి పోతున్నాడు. పగలు ఇంట్లో దాన్ని వాడేవారు లేరు. అయినా అయిదేళ్ళుగా తీయించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. తీగ ఉన్న ఇంట్లో నాలుగు ఫోనులకూ మళ్ళీ నెట్టు కొనడమంటే, పెరట్లో బావి పెట్టుకొని బిందె నీళ్ళు కొన్నట్టే.

ఏ ఇంటికి ఏది మేలన్నది ఆ ఇంటి మనుషులను బట్టి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇంట్లోనే చదువుకుంటున్నా, ఎవరైనా ఇంటి నుంచే కంపెనీ పని చేస్తున్నా తీగ ఉంచి ఫోనులకు మాటల ప్యాకులు వేసుకోవడం లాభం. ఈ ఇంట్లోలాగ వాడేది ఒకరిద్దరే అయితే తీగ తీసి ఫోనులో ఉంచుకోవడం లాభం. రెండూ ఉంచుకోవడమే దండగ. తీగ తీయించేటప్పుడు పెట్టె అప్పగించి రశీదు తీసుకోవాలి. మొదట్లో డిపాజిట్టు కట్టి ఉంటే అడిగి రాబట్టుకోవాలి.

మన రాష్ట్రంలో 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. టీవీ, నెట్టు, ఫోను మూడూ ఒకే తీగ మీద ఇవ్వడం ఆ పథకం ఉద్దేశం. అప్పట్లో నెలకు 149 రూపాయల నుంచి మొదలు అన్నారు. ఆ ధర తర్వాత నిలవలేదు గానీ, మూడూ ఒకచోట అన్న పద్ధతి మంచిదే. అటువంటి తీగ ఉన్నవారు దాంట్లో టీవీ వస్తుండగా వేరే కేబులుకు కూడా కడుతున్నారేమో ఒకసారి చూసుకోవాలి.

చూసేది తొమ్మిది, కట్టేది అన్నిటికీ

టీవీ విషయానికి వస్తే, ఆ ఇంట్లో వారం రోజుల్లో ఏయే చానళ్ళు చూశారో రాయించగా తొమ్మిది తేలాయి. కేబులు ఆయన మాత్రం "అందరికీ ఒకటే రేటు" అని నెలకు 300 పట్టుకుపోతున్నాడు. రశీదు లేదు.

2019 ఫిబ్రవరి నుంచి చానళ్ళు ఎంచుకునే హక్కు మనకు ఉంది. ఉచిత చానళ్ళకు కలిపి ఒక మూల రుసుము, డబ్బు చానళ్ళకు దేని ధర దానిదే. మూల రుసుము 130 రూపాయలు మించరాదన్న నిబంధన అప్పట్లో ఉండేది. 2024 జులైలో ఆ పరిమితి ఎత్తేశారు. కనుక ఇప్పుడు ఎవరు ఎంత తీసుకుంటున్నారో అడిగి పోల్చుకోవడం మరింత అవసరం. తెలుగు వార్తల చానళ్ళు చాలావరకు ఉచితంగా వచ్చేవే. సీరియళ్ళు, సినిమాలు వచ్చే చానళ్ళకే ధర. ఆ కట్టలో ఉన్న ఇంగ్లీషు, హిందీ, క్రీడల చానళ్ళు ఎవరూ చూడకపోతే తీయించేయవచ్చు. రెండు మూడుసార్లు తిరిగాక పెద్దాయన ఇంటి కేబులు 230 రూపాయలకు దిగింది. ఏడాదికి 840 మిగులు.

వార్తలు, పొలం కబుర్లు చాలనుకునేవారికి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరులో మొదలైంది. డిష్షు, పెట్టె ఒకసారి కొనుక్కుంటే నెలనెలా చందా ఉండదు. సప్తగిరి వస్తుంది, బడి పిల్లల పాఠాల చానళ్ళు వస్తాయి. ఆడవారు చూసే సీరియళ్ళన్నీ వస్తాయని ఆశపడి కొనవద్దు. పెట్టించిన వారి ఇంట్లో ఒక పూట కూర్చొని చూసి, అప్పుడు నిర్ణయించుకోవాలి.

పొదుపని సిమ్ము చంపుకోవద్దు

ఇదే ఊళ్ళో మరో రైతు పొదుపు చేయబోయి చిక్కుల్లో పడ్డాడు. రెండు సిమ్ములెందుకని పాతదానికి రీచార్జి మానేశాడు. ఆధార్‌కు, బ్యాంకు పుస్తకానికి కట్టి ఉన్నది ఆ పాత నంబరే. కొన్నాళ్ళకు అది ఆగిపోయింది. పీఎం కిసాన్ డబ్బుకు ఈకేవైసీ చేయబోతే ఓటీపీ ఆ నంబరుకు పోయింది. రెండు రోజులు పనులు మానుకొని తిరిగి, చివరకు వేలిముద్ర వేసి గట్టెక్కాడు.

ఆగిపోయిన నంబరును 90 రోజుల దాకా మరొకరికి ఇవ్వరు. ఆ తర్వాత ఇవ్వవచ్చు. అప్పుడు మన బ్యాంకు సందేశాలు ముక్కూమొహం తెలియని మనిషికి పోతాయి. అందుచేత ఏ సిమ్ము తీసేయాలన్నా ముందు ఆధార్‌లో, బ్యాంకులో, గ్యాసులో, పింఛనులో ఏ నంబరు ఉందో చూసుకోండి. అన్నిచోట్లా ఒకే నంబరు చేయించాకే రెండోది వదలండి. మీ పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో తెలుస్తుంది. చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి.

నంబరు మార్చకుండా కంపెనీ మారడానికీ దారి ఉంది. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబరు రాసి 1900కు సందేశం పంపితే ఒక కోడ్ వస్తుంది. దానికి నాలుగు రోజులే గడువు. ఆ లోగా కొత్త కంపెనీ దుకాణంలో ఆధార్‌తో రాయించుకోవాలి. పాత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. చౌక అని మారేముందు మీ ఇంట్లో, మీ పొలంలో ఆ కంపెనీ సిగ్నలు అందుతుందో లేదో పక్కవారి ఫోనులో చూసుకోండి. పాము కరిచిన రాత్రి అందని ఫోను ఎంత చౌకయినా దండగే.

మిగిలిందెంత?

పెద్దాయన ఇంట్లో కొత్త లెక్క ఇలా తేలింది. నెట్టు ఉన్న రెండు ఫోనులకు 7,774. మాటల ఫోనులు రెండింటికి 3,698. కేబులుకు 2,760. మొత్తం 14,232 రూపాయలు. మిగులు 10,566. డీఏపీ బస్తా 1,350 లెక్కన ఏడు బస్తాలు వచ్చి, పైన చిల్లర మిగులుతుంది. కౌలు రైతుకు అది చిన్న మాట కాదు. దీనికోసం ఇంట్లో ఎవరూ మాట్లాడడం మానలేదు, టీవీ చూడడం మానలేదు.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఈ రాత్రి అన్నాలయ్యాక మీ ఇంట్లోనూ ఒక కాగితం తీసుకొని కూర్చోండి. ఎన్ని ఫోనులు, ఎన్ని రోజులకు ఎంత, ఎవరు దేనికి వాడుతున్నారు అన్నది రాసి, ఏడాదికి కూడండి.

ఈ విలేఖరి మళ్ళీ వెళ్ళినప్పుడు పెద్దాయన గోడ మీది క్యాలెండరు చూపించాడు. ఫోనుల గడువు తేదీల దగ్గర ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. తన ఫోనుకు ఈ క్యాలెండరులో సున్నా లేదు. "నాది వచ్చే ఏడు క్యాలెండరులో ఉంది. మళ్ళీ రేడియో లైసెన్సు రోజులొచ్చాయి" అని నవ్వాడు.