కోటమీది తోటకు నీరెట్లు ఎక్కెను?

గోల్కొండ కోటను చూచివచ్చినవారు మొట్టమొదట చెప్పునది చప్పట్ల సంగతి. క్రింద బాలాహిస్సారు ద్వారముకడ నిలిచి చప్పట్లు చరచిన, ఆ చప్పుడు గుట్టపైనున్న బారాదరిలో వినబడును. నారాయణఖేడునుండి నేను తీసికొనిపోయిన విద్యార్థులును తిరుగు ప్రయాణములో బస్సునిండ ఆ చప్పట్లనే చరచుచు వచ్చిరి. ఒక విద్యార్థిని మాత్రము వేరొక ప్రశ్న వేసినది: “పైన రాజుగారు చప్పట్లు వినిరి సరే సార్, అంత ఎత్తున నీళ్లెట్ల దొరికినయి?” వేసవిలో బోరింగుకడ బిందెతో వరుసలో నిలిచిన పిల్లకు గాని ఈ ప్రశ్న తోచదు. చప్పట్ల వింతకన్న ఇది పెద్ద వింత. దానిని ఇచట విచారింతము.

కోటయు తోటయు

గోల్కొండ మొదట కాకతీయులనాటి మట్టికోట. తరువాత బహమనీ సుల్తానుల వశమై, 1518 నుండి 1687 వరకు కుతుబ్‌షాహీ వంశమువారి చేతిలో రాతికోటగా పెరిగినది. శత్రువును ఆపుటకు 87 బురుజులు కట్టిరి. అయితే కోటయన్నది యుద్ధమునకు మాత్రమే కాదు. అందులో మనుష్యులు కాపురముండవలెను. కావున గోడలతోపాటు తోటలును వెలసినవి. బాలాహిస్సారు ద్వారము దాటగనే కుడిప్రక్క నగీనాబాగ్ అను తోట ఉన్నది. అంతఃపురమైన రాణీమహలు ముంగిట నీటిచిమ్మెనగ్రోవి తొట్టి ఉన్నది. 1656లో అబ్దుల్లా కుతుబ్‌షా మొగలుల దాడికి జడిసి వెలుపలి గుట్టను కూడ గోడతో చుట్టి ‘నయాఖిల్లా’ కట్టించెను, అందులోను తోటయున్నది. 2014లో పురావస్తు శాఖవారు అచట త్రవ్వగా కాలువలు, తొట్లు, గొట్టములు, నడకదారులు ఒక క్రమములో బయటపడినవి. ఆ సమీపముననే ఆఫ్రికా జాతిదైన మహావృక్షము, బావోబాబ్, నేటికిని నిలిచియున్నది.

ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే 17వ శతాబ్ది మధ్యకాలమున పలుమార్లు ఈ దేశమునకు వచ్చెను. హైదరాబాదు రాజభవనపు మిద్దెలమీద తోటలున్నవనియు, ఆ చెట్ల బరువును క్రింది కమానులు ఎట్లు మోయుచున్నవో ఆశ్చర్యమనియు అతడు వ్రాసెను. చెట్ల బరువు సరే. ఆ చెట్లకు పోయు నీటి బరువును ఎవరు మోసిరి? మన ప్రశ్న అదియే.

చెరువునుండి గుట్ట పాదమునకు

కోటకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున దుర్గం చెరువు ఉన్నది. అచటినుండి కాల్చిన మట్టిగొట్టముల ద్వారా నీరు కోటకు వచ్చెడిది. ఇందులో యంత్రమేదియు లేదు. నీరు పల్లమెరుగును. చెరువు మట్టము కోటలోని తొట్టి మట్టముకన్న ఎత్తున నున్నంతకాలము భూమ్యాకర్షణయే నీటిని తోయును. గొట్టము నడుమ కొంత దిగి మరల ఎక్కినను బాధలేదు; చివర మాత్రము మొదటికన్న క్రిందనుండవలెను. ఒండ్రు గొట్టములలో పేరుకొనకుండుటకు దారిలో తేటతొట్లు కట్టుదురు. తొట్టిలో నీటి వేగము తగ్గును. మట్టి అడుగునకు దిగును. పైనీరు ముందుకు సాగును.

గుట్ట పాదమునుండి శిఖరమునకు

ఇక గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. ఇచట నీరు తనంతట ఎక్కదు. ఎంత పని చేయవలెనో లెక్కకట్టి చూతము.

వేయి లీటర్ల నీరు వేయి కిలోగ్రాముల బరువు. దానిని 100 మీటర్లు ఎత్తుటకు సుమారు 9 లక్షల 80 వేల జౌళ్ల శక్తి కావలెను. ఒక మంచి ఎద్దుల జత ఒక అశ్వశక్తితో పనిచేయుననుకొన్నచో, ఇందుకు 22 నిమిషములు పట్టును. ఒరిపిడివలన, పాత్రలనుండి ఒలుకుటవలన సగము వృథాయైనచో ముప్పావుగంట. అనగా వేయి లీటర్లు పైకెక్కుటకు ఒక జత ఎద్దులు ముప్పావుగంట నడవవలెను. అంతఃపురము, వంటశాల, పూలమొక్కలు అన్నియు కలిసి దినమునకు వేయి లీటర్లతో తృప్తిపడవు గదా! గుట్టమీద విరిసిన ప్రతి పువ్వు వెనుకను ఎద్దుల అడుగులున్నవి, వాటిని తోలినవాని చెమట ఉన్నది.

ఎత్తుటకు వాడిన సాధనము ఘటీయంత్రము. చక్రముమీదుగా తిరుగు తాటిదండకు కుండలు కట్టుదురు. చక్రము తిరుగగా నిండుకుండలు పైకి వచ్చి తొట్టిలో గుమ్మరించి, వట్టివై దిగును. మా ప్రాంతపు పెద్దలు మోట కొట్టినవారే. వారికి ఈ సూత్రము చెప్పనక్కరలేదు. మోటలో ఒక్క బొక్కెన పోయివచ్చును. ఇందులో కుండలు ఎడతెగక వచ్చును.

అయితే ఒకే పెద్ద యంత్రముతో 120 మీటర్లు ఎత్తరాదా? రాదు. దండ ఎంత పొడవైన అన్ని నిండుకుండలు ఒకేసారి వ్రేలాడును. ఆ బరువంతయు ఇరుసుమీదనే పడును. 15 మీటర్ల దండకన్న 120 మీటర్ల దండకు ఎనిమిది రెట్ల భారము. త్రాళ్లు తెగును, ఇరుసు విరుగును. కావున పనిని మెట్లుగా పంచిరి. ఒక ఎత్తున తొట్టి; అందులోనుండి మరియొక చక్రము ఎత్తి పై తొట్టిలో పోయును; ఇట్లు మెట్టుమీద మెట్టుగా శిఖరమువరకు.

ఈ తొట్లవలన ఇంకొక మేలు కలదు. నీటి ఎత్తు ప్రతి 10 మీటర్లకు, చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము చొప్పున పీడనము పెరుగును. పైతొట్టినుండి 120 మీటర్లు దిగువకు ఒకే మూసిన గొట్టము వేసినచో, దాని అడుగున చదరపు సెంటీమీటరుకు 12 కిలోగ్రాముల పీడనముండును. కాల్చిన మన్ను నొక్కుడుకు ఓర్చును గాని సాగదీతకు ఓర్వదు. లోపలి నీరు బయటికి నెట్టిన పగులును. నడుమ తెరచిన తొట్టియున్నచోట పీడనము తిరిగి సున్నకు దిగును. అందుచేతనే మట్టిగొట్టములతో పని సాగినది. వాటిని గోడలలో సున్నపు గచ్చుతో పొదిగిరి. గచ్చు వాటికి కవచము.

వెర్సాయిలోను ఇదే చిక్కు

టావెర్నియే 1668లో తాను తెచ్చిన గొప్ప నీలివజ్రమును ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మెను. అది మన కృష్ణాతీరమందలి కొల్లూరు గనిదని చెప్పుదురు. ఆ రాజునకు వజ్రములకు కొదవలేదు గాని నీటికి కొదవ. వెర్సాయి తోటలోని నీటిచిమ్మెనగ్రోవులన్నిటికి చాలినంత నీరు లేదు. రాజు నడచివచ్చుచుండగా పనివారు ఈలలతో సంజ్ఞచేసికొని, ముందున్నవానిని తెరచి వెనుకవానిని మూసెడివారు!

సేన్ నదినుండి నీరు ఎత్తుటకు 1681లో మొదలిడి 1684 నాటికి మార్లీ యంత్రమును నిర్మించిరి. 14 పెద్ద చక్రములు నది ప్రవాహముచే తిరుగుచు 200కు పైగా పంపులను నడపినవి. నీరు ఎక్కవలసిన ఎత్తు సుమారు 160 మీటర్లు. చూడుడు, అచటను ఒక్క ఊపున ఎక్కించలేకపోయిరి; నడుమ రెండు చోట్ల తొట్లు కట్టి మూడు మెట్లుగా ఎక్కించిరి. ఎద్దులు లాగినను నది లాగినను ప్రకృతి నియమము ఒక్కటే. అదియు చాలక 1685లో ఊర్ నదిని మళ్లింపబూని, యుద్ధమువలన 1688లో విడిచిరి. ఆ నడుమ 1687లోనే ఔరంగజేబు గోల్కొండను పట్టుకొనెను.

ఇప్పుడు మిగిలినది

మార్లీ యంత్రము నేడు లేదు. అయినను వెర్సాయి తోటలో చిమ్మెనగ్రోవులు నేటికిని ఆడుచున్నవి. నాటి జలాశయములను, ఇనుపగొట్టములను తరతరములుగా బాగుచేసికొనుచు వచ్చుటయే అందుకు కారణము. గోల్కొండ గుట్టమీద మాత్రము చక్రములు లేవు; తొట్లు ఎండినవి; గోడలలో విరిగిన మట్టిగొట్టముల నోళ్లు అచటచట కనిపించును. దుర్గం చెరువు చుట్టును నగరము పెరిగినది, మురుగునీరు చేరినది. 2020లో దానిపై తీగలవంతెన కట్టిరి. ఆ వంతెనమీద ఫోటోలు తీసికొనువారిలో ఈ నీరు ఒకనాడు కోటకెక్కినదని ఎరిగినవారు ఎందరు?

నిరాశపడ పనిలేదు. కుతుబ్‌షాహీ సమాధులకడ పెద్దబావి గోడ 2013 వానలకు కూలినది. దానిని, తక్కిన మెట్లబావులను మరల కట్టి పూడిక తీయగా నీరు ఊరినది. 2022లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ పురస్కారము వాటికి లభించినది. అదే సంవత్సరము మా పొరుగు కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకును పురస్కారము వచ్చినది. పాతదానిని నిలుపుకొను నేర్పు మనవద్ద లేకపోలేదు.

కావున పాఠకులు ఈసారి గోల్కొండకు పోయినప్పుడు చప్పట్లు చరచుడు, తప్పులేదు. కాని మెట్లు ఎక్కుచు రెండు ప్రక్కల గోడలను కూడ చూడుడు. గొట్టపు నోరు కనిపించిన దానిలో కర్రలు దూర్పనీయక, ఈ నీరు ఎచటినుండి వచ్చి ఎచటికి పోయెనో పిల్లలతో కలిసి గుర్తింపుడు. ఇంటికి వచ్చిన తరువాత మీ ఊరి చెరువునకు నీరు తెచ్చు కాలువను కూడ ఒకమారు నడచి చూడుడు. ఆ కాలువలో ఒక్కచోట మట్టిపోసి పూడ్చిన చాలును, చెరువు ఎండును.

ఆ విద్యార్థినికి ఈ లెక్క అంతయు తరగతిలో నల్లబల్లమీద వేసి చూపితిని. విని, కొంచెముసేపు ఊరకుండి, “అయితే సార్, రాజుగారికన్న ఎద్దులే ఎక్కువసార్లు గుట్టెక్కినయి” అన్నది. ఎద్దులు చక్రముకడనే తిరిగినవి, ఎక్కినది నీరేనని దిద్దబోయి మానుకొంటిని. ఆమెకు లెక్క అర్థమైనది.