కర్పూరపు కాలిబాట

తైవాను ద్వీపమున పశ్చిమతీరపు మైదానములు ముగిసి కొండలు మొదలగు చోట, ఉత్తరమున లోంగ్‌టాన్ మొదలుకొని దక్షిణమున దోంగ్‌షి వఱకు, తేయాకు తోటల నడుమను వెదురుపొదల నీడలందును సాగిపోవు పురాతనములైన కాలిబాటలు, మోటారు రహదారులు వచ్చిన పిమ్మట తుప్పలు మూసికొని మఱుగుపడి, ఈ శతాబ్ది రెండవ దశకాంతమున ఒక్క మార్గముగా కూర్పబడి మరల బాటసారులకు లభించినవి. దానిపేరు రక్నస్ సెలు. ప్రధానమార్గము సుమారు 220 కిలోమీటర్లు. శాఖలతో గూడ 400 వఱకు నుండును.

ఈ పల్లెలలో అధికసంఖ్యాకులు హక్కా జనులు. దక్షిణ చైనానుండి సముద్రము దాటివచ్చిన వీరి పూర్వులకు ఈ కొండపాదములందు కర్పూరవృక్షము జీవనాధారమైనది. మహావృక్షమును కూలద్రోసి, మానును పేళ్లుగా చెక్కి, పొయ్యిమీద ఆవిరిపట్టి, ఆ ఆవిరి చల్లారగా పేరుకొన్న తెల్లని పలుకులను సేకరించి, కావళ్లకెత్తి, ఈ సన్నని దారులవెంటనే దిగువకు మోసిరి. కర్పూరము చేర్చి చేయు సెల్యులాయిడ్ అను పదార్థము వెలసిన తరువాత కర్పూరమునకు గిరాకి మిన్నుముట్టినది. ద్వీపమునేలిన జపాను ప్రభుత్వము 1899లో ఆ వ్యాపారమును తన గుత్తము చేసికొన్నది. ఆనాడు హిందూదేశమునకు దిగుమతియైన కర్పూరమున తైవాను సరకును గలదు గనుక, మన తాతముత్తాతల హారతిపళ్లెములలో వెలిగినదానియందు ఈ అడవుల భాగమును ఉండియుండును.

అయితే ఆ అడవులు అంతకు పూర్వమే అటయాల్, సైసియాత్ జనుల నివాసభూములు. బెయిపూ గ్రామమున జిన్ గ్వాంగ్ ఫూ అను భూసాగు సంస్థ 1835 ప్రాంతమున వెలసి, సాయుధులగు కావలివారిని నిలిపి, ఆ ఆదివాసులను లోపలి కొండలకు నెట్టినది. దాని కార్యాలయభవనము నేటికిని నిలిచియున్నది. ఈ బాట సంపదను మోసినట్లే నెత్తుటిని సైతము చూచినది. ఆ సంగతి యెఱుగక నడచువాడు దీనిని సగమే చూచినవాడగును.

పునరుద్ధరణమున నాకు మిక్కిలి గౌరవము గలిగించునది దాని పద్ధతి. 2006లో ఉద్యమముగా ఆరంభమైన సహస్రమైళ్ల బాటల సంఘమువారు స్వచ్ఛందసేవకులను గూర్చుకొని, సిమెంటు జోలికి పోక, చేతిపనిముట్లతో పనిచేయుదురు. దాపున దొరకిన రాతిని దొర్లించుకొని వచ్చి, అది కదలక కుదురుకొనువఱకు మన్ను త్రవ్వి పాతి, ప్రక్కరాతితో ఒరసి నిలుపుదురు. వాననీరు బాటవెంట పరుగెత్తి మన్ను కోయకుండ అడ్డముగా రాళ్లు పేర్చి ప్రక్కకు మళ్లింతురు. సిమెంటు మెట్ల అడుగున మన్ను జారినచో మెట్టంతయు విఱిగిపోవును. ఒక రాయి జారినచో మరల పేర్చుకొనుటకు ఇద్దరు మనుష్యులు చాలుదురు.

దారిప్రక్క చెట్లమొదళ్లయందు భూదేవతకు చిన్న గుళ్లున్నవి. హక్కాలు ఆ దేవతను పెదతాతయని పిలుతురు. బాటసారులకు ఉచితముగా తేనీరుంచెడి పూర్వపు మంటపములు మన చలివేంద్రములవంటివే.

బెయిపూకు దాపుననున్న షించు నగరపు విశ్వవిద్యాలయములలో చదువుకొను భారతీయులలో తెలుగు బిడ్డలున్నచో, వారికొక మనవి: సెలవునాడు బెయిపూ వెళ్లి ఈ బాటపై కొంతదూరమైనను నడువుడు. పాతరాతిపై పాచి జారునది గనుక గట్టి చెప్పులు తొడుగుకొనుడు. పేర్చిన రాయిని మాత్రము కదపకుడు.