అడవికి ముందు... ఊరి చెరువు!

జీపు ఆగింది. గైడు పెదవిపై వేలు పెట్టుకుని పొదలవైపు చూపించాడు. సాంబార్ దుప్పి! గబగబా పది ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే... దుప్పి మసక మసకగా, దాని ముందున్న గడ్డిపోచ మాత్రం అద్భుతంగా! నల్లమలలో ఫరహాబాద్ సఫారీకి తొలిసారి వెళ్లినప్పటి ముచ్చట ఇది. కెమెరా తనకు దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంది. ఫోకస్‌ని మధ్యనున్న ఒకే చుక్కకు మార్చి, దాన్ని జంతువు కంటిమీద పెట్టాలని అప్పటికి నాకు తెలియదు.

కొడకండ్లలో ఉండే మాకు అడవులు కొత్తకాదు. ఒకవైపు పాకాల, ఏటూరునాగారం. ఇంకాస్త దూరం వెళ్తే 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ సఫారీ ఉండదు. ఈలోగా కెమెరా సంగతి చూసుకోవచ్చు.

‘ఫోన్ చాలదా?’ అంటారు పిల్లలు. చెరువుకీ, జీపులో కూర్చున్న తాతయ్యకీ భేషుగ్గా చాలు. వంద గజాల అవతలున్న ఎలుగుబంటి మాత్రం అందులో నల్లచుక్కే! అలాగని వాయిదాల్లో ఖరీదైన కెమెరా కొని, ఒక్కసారి వాడి బీరువాలో దాచినవాళ్లనీ చూశాను. డబ్బు పెట్టాల్సింది కెమెరాకన్నా లెన్సు మీద. ఏపీఎస్-సీ సెన్సరున్న మామూలు కెమెరాకి 70-300 ఎంఎం జూమ్ తగిలిస్తే చివర్న దాదాపు 450 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది. 150-600 కావాలంటే హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చుకోవడమే మేలు.

తెల్లవారుజామున వెలుతురు తక్కువ. ఐఎస్‌వో 1600, 3200కి పెంచడానికి జంకకండి. ఫొటోలో కాస్త గరుకు కనిపించినా ఫర్వాలేదు, కదిలిన ఫొటో ఎందుకూ పనికిరాదు. నిలబడ్డ జంతువుకి షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, పరుగెత్తేదానికి 1000వ వంతు ఉంచాలి. జీపులో ట్రైపాడ్‌కి చోటెక్కడ? మాది మగ్గాల ఊరు. గట్టి నేతగుడ్డతో సంచి కుట్టించి, రెండు కిలోల జొన్నలు పోసి జీపు అంచుమీద వేశాను. కెమెరా దానిమీద కుదురుగా కూర్చుంది! ఇంజిన్ ఆపమని డ్రైవర్‌నీ అడగాలి. ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు, జంతువులు బెదురుతాయి. దుమ్ములో లెన్సు విప్పొద్దు.

ఇవన్నీ అక్కడికెళ్లాక నేర్చుకుందామంటే కుదరదు. నెల రోజులు మా ఊరి చెరువు గట్టున కొంగల్నీ, లకుముకి పిట్టల్నీ తీశాను. సగానికి పైగా చెరిపేశాను కూడా. రెండోసారి ఫరహాబాద్ వెళ్తే ఆ సాంబార్ కనిపించలేదు. నెమలి కనిపించింది. దాని కన్ను ఎంచక్కా వచ్చింది.