వరదలో మునిగిన పాత పికప్‌ని ఇంటి దగ్గరే బాగు చేశా.. చివరికి పరువు తీసింది నా గ్యాడ్జెట్టే!

2022 జులై 16. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత నీళ్లు చూసింది ఆ రోజే.

ఆ రోజు బూర్గంపాడు మండలంలో మా బాబాయి వాళ్ల ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక 2008 మోడల్ మహీంద్రా బొలెరో పికప్ ఉంది. ఏపీ20 నంబర్, అంటే ఉమ్మడి ఖమ్మం జిల్లా రోజుల బండి. క్లచ్ ప్లేట్ అరిగి రెండు వారాలుగా కదలకుండా ఉంది. మనుషులు ట్రాక్టర్ ఎక్కి బయటపడ్డారు, బండి మాత్రం అక్కడే ఉండిపోయింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే స్టీరింగ్ దాకా ఒండ్రు గీత.

ఇక్కడ మనం ఫోన్ ఐపీ68 అయితే మీటరున్నర లోతులో అరగంట ఉంటుందా లేదా అని కొట్టుకుంటాం. ఈ పికప్‌కి ఏ రేటింగూ లేదు. రోజుల తరబడి బురద నీళ్లలో ఉంది. అయినా ఇవాళ రోడ్డు మీద తిరుగుతోంది. ఎలా తిరుగుతోంది, నేను ఎక్కడ తప్పు చేశాను అన్నదే ఈ ఆర్టికల్.

ఎందుకు అమ్మలేదు?

పాత సామాన్ల వ్యాపారి 70 వేలు ఇస్తానన్నాడు. "నీళ్లు తాగిన బండి నిలబడదురా, వచ్చిన కాడికి ఇచ్చేద్దాం" అన్నాడు బాబాయి. కానీ ఎండాకాలం మిర్చి బస్తాలు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖమ్మం మార్కెట్‌కి వెళ్లేది ఈ బండిలోనే. పత్తి, వడ్లు, ఊళ్లో పెళ్లి సామాన్లు, అన్నీ ఇందులోనే. కొత్తది కొనాలంటే ఈఎంఐ. ఆ ఏడాది పొలం కూడా మునిగింది కాబట్టి ఆ మాట ఎత్తే పరిస్థితి లేదు.

"ఆరు నెలలు టైమివ్వు బాబాయ్, శని ఆదివారాలు నేనే వచ్చి చేస్తా" అన్నాను. నాకున్న అనుభవం? ల్యాప్‌టాప్ ర్యామ్ మార్చడం, రెండు ఫోన్ల డిస్‌ప్లేలు మార్చడం. అంతే. పాల్వంచలో ఉండే మెకానిక్ అన్న ఒకాయన వెనకుండి చెప్పడానికి ఒప్పుకున్నాడు కాబట్టి ధైర్యం చేశా.

మొదటి రూల్: తాళం తిప్పొద్దు

నేను వెళ్లేసరికి బాబాయి చేతిలో తాళం ఉంది. "ఒక్కసారి కొట్టి చూద్దాం" అంటున్నాడు. వెంటనే ఆపి బ్యాటరీ నెగటివ్ వైరు పీకేశా.

కారణం సింపుల్. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. సిలిండర్‌లో నీళ్లుండగా స్టార్టర్ కొడితే పిస్టన్ పైకి వచ్చి ఆ నీళ్లను గుద్దుకుంటుంది. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. తడిసిన ఫోన్‌ని ఆన్ చేసి చూస్తే షార్ట్ అయినట్టే, ఇక్కడా ఒక్క ప్రయత్నంతో బాగయ్యే బండి స్క్రాప్ అవుతుంది.

ఇది 2523 సీసీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. నాలుగు ఇంజెక్టర్లూ విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పాం. మొదటి రౌండ్లోనే రెండు రంధ్రాల నుంచి బురద నీళ్లు చిమ్మాయి. తాళం తిప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

తర్వాత ఆయిల్స్. ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ చేస్తే పాలు ఎక్కువైన టీలా వచ్చింది. నీళ్లు కలిస్తే ఆ రంగే. గేర్ బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ కూడా అదే పరిస్థితి. చవక ఆయిల్ పోసి కాసేపు నడపడం, తీసేయడం, మళ్లీ పోయడం, ఇలా రెండుసార్లు చేశాకే అసలు ఆయిల్ పోశాం. డీజిల్ ట్యాంక్ దించి కడిగాం. బ్రేక్ ఫ్లూయిడ్‌కి తేమను పీల్చుకునే గుణం ఉంటుంది, అందుకే మొత్తం మార్చాం. వీల్ బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టాం. స్టార్టర్ మోటార్, ఆల్టర్నేటర్ విప్పితే లోపల కప్పు కప్పు ఒండ్రు. క్లచ్ ప్లేట్ ఎలాగూ మార్చాల్సిందే, మార్చేశాం.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం ఇంజిన్ స్టార్టయింది. ముందు తెల్ల పొగ, తర్వాత కాస్త నల్ల పొగ, పది నిమిషాలకు క్లియర్. ఈ బండికి ఓబీడీ పోర్ట్ లేదు, స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదివే చాన్సే లేదు. పొగ రంగే దీని ఎర్రర్ కోడ్ అని మెకానిక్ అన్న నేర్పాడు. నల్లగా వస్తే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే కాలని డీజిల్ అయినా, నీళ్లయినా బయటికొస్తున్నట్టు.

తుప్పు: కనిపించే చోట కాదు, కనిపించని చోట

పెయింట్ మీద కనిపించే తుప్పు చూసి భయపడ్డా. అసలు సమస్య ఛాసీ లోపల. పైప్‌లా మూసి ఉన్న భాగాల్లో ఒండ్రు గట్టిపడి తడిని పట్టుకుని కూర్చుంది. ప్రెషర్ వాషర్ పైపు లోపలికి దూర్చి, శుభ్రమైన నీళ్లు కిందికి కారేదాకా కడగడానికే ఒక వీకెండ్ పట్టింది. నీళ్లు పోయే చిన్న రంధ్రాలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. మీ దగ్గర పాత బండి ఏదున్నా ముందు ఆ రంధ్రాలు చూడండి, పైసా ఖర్చు లేదు.

తర్వాత వైర్ బ్రష్, రస్ట్ కన్వర్టర్, దాని మీద ప్రైమర్, ఆ పైన పెయింట్. రస్ట్ కన్వర్టర్లలో సాధారణంగా ఫాస్ఫారిక్ యాసిడ్ గానీ టానిక్ యాసిడ్ గానీ ఉంటుంది. అది తుప్పుతో కలిసి గట్టి పొరగా మారుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. వెనక బాడీ ఫ్లోర్ షీట్ చిల్లులు పడింది కాబట్టి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్ టైమ్‌లో బ్యాటరీ కనెక్షన్ తీసేయడం మర్చిపోకండి.

నా కలలు, చట్టం

నిజం చెప్పాలంటే యూట్యూబ్ చూసి నా దగ్గర పెద్ద లిస్టే ఉంది. లిఫ్ట్ కిట్, లావు టైర్లు, ముందు బుల్ బార్, పైన లైట్ బార్, మ్యాట్ గ్రీన్ పెయింట్. కిన్నెరసాని అడవి రోడ్డులో డ్రోన్ షాట్ కూడా ఊహించేసుకున్నా.

మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 చదివాక సగం లిస్ట్ కొట్టేశా. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. బుల్ బార్లు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. రంగు మార్చొచ్చు గానీ ఆర్సీలో ఎక్కించాలి. పైగా ఇది సరుకు రవాణా బండి, ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లాల్సిందే. నా షోకుల వల్ల ఫిట్‌నెస్ ఆగితే బాబాయి మిర్చి ఆగుతుంది. అందుకే తెల్ల రంగు తెల్లగానే ఉంచాం. ఇంకో కమాన్ పట్టీ వేయించి లోడ్ పెంచుదామని బాబాయి అడిగితే నేనే వద్దన్నా. పట్టీ బరువు మోస్తుంది సరే, బ్రేకులు పాతవే కదా!

లైట్ బార్ లేకుండానే వెలుతురు పెంచిన ట్రిక్

ఈ పార్ట్ మీకు బాగా నచ్చుతుంది. హెడ్‌లైట్లు గుడ్డి దీపాల్లా ఉన్నాయి. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.4. మధ్యలో 2.4 వోల్టులు మాయం! ఒక్కో 60 వాట్ల బల్బు సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటంతా స్టీరింగ్ పక్కన స్విచ్ దాకా వెళ్లి, తుప్పు పట్టిన కనెక్టర్లు దాటి, పాత సన్న వైర్లలో తిరిగి రావాలి. హాలోజన్ బల్బుకి వోల్టేజ్ ఆరో వంతు తగ్గితే వెలుతురు దాదాపు సగానికి పడిపోతుంది.

పరిష్కారం: రెండు రిలేలు. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, అక్కడి నుంచి లావు వైరుతో నేరుగా బల్బుకి. పాత స్విచ్ ఇప్పుడు రిలేని ఆన్ చేయడానికి మాత్రమే. బల్బు దగ్గర 13.4 వోల్టులు వచ్చాయి. అదే బల్బు, అదే వాటేజ్, ఎదురొచ్చే వాళ్ల కళ్లకు ఇబ్బంది లేదు. మొత్తం ప్రాజెక్టులో తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా కనిపించిన అప్‌గ్రేడ్ ఇదే.

ఇక నా తప్పు

2023 జనవరికి బండి రెడీ. ఫిట్‌నెస్ పాసయింది. ఇన్ని నెలలు కష్టపడ్డాం కదా, ఒక్క గ్యాడ్జెట్ అయినా ఉండాలని 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టా. ఆఫ్‌లైన్ మ్యాప్స్, రివర్స్ కెమెరా, పాటలు. ఇలాంటి స్క్రీన్లకు రెండు పవర్ వైర్లు ఉంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంట్ ఉండేది, మెమరీ కోసం. ఎరుపుది తాళం తిప్పితేనే కరెంట్ వచ్చేది. ఆ ఆదివారం సాయంత్రం బస్సు టైమ్ అవుతోంది, తాళం లైన్ వెతికే ఓపిక లేదు. రెండు వైర్లూ కలిపి బ్యాటరీకి ఇచ్చేశా. డిస్‌ప్లే ఆఫ్ బటన్ నొక్కితే చాలులే అనుకున్నా.

బుధవారం రాత్రి ఊళ్లో ఒక పెద్దాయనకు పాము కరిచింది. అంబులెన్స్ కోసం ఆగకుండా భద్రాచలం తీసుకెళ్దామని బాబాయి తాళం తిప్పాడు. టక్.. టక్.. అంతే. స్టార్టర్ తిరగలేదు.

తర్వాతి వారం వెళ్లి కొలిస్తే తెలిసింది. డిస్‌ప్లే ఆఫ్‌లో ఉన్నా ఆ స్క్రీన్ 0.6 ఆంపియర్లు లాగుతోంది. ఆపి ఉంచిన బండిలో 50 మిల్లీ ఆంపియర్లు దాటితేనే అనుమానించాలి. ఇది దానికి పన్నెండు రెట్లు. మూడు రోజులంటే 72 గంటలు, 43 ఏహెచ్‌కి పైగా ఖాళీ. డబ్బులు ఆదా చేద్దామని నేను కొన్నది సెకండ్ హ్యాండ్ 75 ఏహెచ్ బ్యాటరీ. ఇంకేం మిగులుతుంది?

ఆ రాత్రి కాపాడింది బండి పాతదనమే. ఇందులో ఈసీయూ లేదు, ఫ్యూయల్ పంప్ మెకానికల్. ఆరుగురు కుర్రాళ్లు కలిసి వాలు మీదికి తోశారు. బాబాయి రెండో గేర్లో క్లచ్ వదిలాడు. మూడోసారికి అందుకుంది. పెద్దాయన సమయానికి ఆసుపత్రి చేరాడు, ఇప్పుడు బాగున్నాడు. కానీ అందులో నా గొప్పేం లేదు. తోయడానికి మనుషులు లేకపోతే, వాలు లేకపోతే?

పొద్దున్నే బాబాయి ఫోన్. తిట్టలేదు. "బండి బాగానే చేశావురా. ఆ టీవీ ఒక్కటి పీకెయ్" అన్నాడు.

ఇప్పుడున్న సెటప్

టీవీ పీకేశా. దాని చోట ఫోన్ హోల్డర్ ఉంది. ఆఫ్‌లైన్ మ్యాప్స్ ఫోన్‌లోనూ ఉంటాయి కదా. మిగిలిన యాక్సెసరీస్ అన్నీ ఒకే లైన్ మీదికి తెచ్చా. బ్యాటరీ పక్కనే మెయిన్ ఫ్యూజ్, తర్వాత లో వోల్టేజ్ డిస్‌కనెక్ట్ మాడ్యూల్. వోల్టేజ్ 12.2కి పడితే అది ఆ లైన్‌ని కట్ చేస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తుంది, 12.2 అంటే దాదాపు సగం. స్టార్ట్ కొట్టినప్పుడు వోల్టేజ్ ఒక్క క్షణం 10కి పడిపోవడం మామూలే, అందుకే కట్ అయ్యే ముందు కాస్త డిలే ఉన్న మాడ్యూల్ తీసుకోండి. బ్యాటరీ కూడా కొత్తది వేశాం.

ఆ లైన్ మీద నాలుగు యూఎస్‌బీ చార్జింగ్ పోర్టులున్నాయి. లెక్క చూడండి. బ్యాటరీలో 30 ఏహెచ్ వాడుకున్నామంటే సుమారు 360 వాట్ అవర్లు. 5000 ఎంఏహెచ్ ఫోన్ నింపడానికి నష్టాలతో కలిపి 25 వేసుకున్నా, ఇంజిన్ ఆన్ చేయకుండానే 14 ఫోన్లు. వరదకి కరెంట్ పోతే ఊళ్లో వాళ్లకి అది చిన్న విషయం కాదు. ఇప్పుడు గోదావరి 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందంటే బాబాయి చేసే మొదటి పని పికప్‌ని మిట్ట మీద పెట్టడం.

నా వర్డిక్ట్

మొత్తం ఖర్చు లక్షా అరవై వేలు దాటింది. ఎక్కువ తిన్నవి టైర్లు, వెల్డింగ్, పెయింట్, ఆ తర్వాత బ్యాటరీ. స్పేర్లన్నీ ఖమ్మం, కొత్తగూడెంలోనే దొరికాయి, 14 ఏళ్ల ఫోన్‌కి మనం కలలో కూడా ఊహించలేని విషయం ఇది. ఛాసీ విరిగి ఉంటేనో, ఇంజిన్ రాడ్ వంగి ఉంటేనో నేనూ 70 వేలకే ఇచ్చేయమనేవాణ్ణి. ఈ రెండూ చూడకుండా సెంటిమెంట్‌తో మొదలుపెట్టకండి.

మీరు ఏ పాత బండికి ఏం బిగించినా, బిగించాక తాళం తీసేసి మల్టీమీటర్‌ని ఆంపియర్ మోడ్‌లో బ్యాటరీ నెగటివ్ లైన్ మధ్యలో పెట్టి కొలవండి. పది నిమిషాల పని. నేను ఆ ఆదివారం బస్సు కోసం మిగుల్చుకున్నది కూడా ఆ పది నిమిషాలే.